మార్గరెట్ హామిల్టన్

మార్గరెట్ హామిల్టన్ (డిసెంబర్ 9, 1902 - మే 16, 1985) అమెరికాకు చెందిన రంగస్థల, చలనచిత్ర, టెలివిజన్ నటి. ఐదు దశాబ్దాల నటనా జీవితంలో ఈమె కథానాయిక పాత్రలు కాక, పనిమనుషులు, పెళ్ళికాని మేనత్తలు, ఇరుగుపొరుగు గయ్యాళులు వంటి చిన్న పాత్రలనే ఎక్కువగా పోషించింది. 1939లో విడుదలైన "ది విజార్డ్ ఆఫ్ ఓజ్" చిత్రంలోని పడమటి దిక్కు దుష్ట మంత్రగత్తె పాత్ర ఈమెకు శాశ్వతమైన గుర్తింపు తెచ్చింది. పసిపిల్లల ఉపాధ్యాయినిగా జీవితాన్ని ప్రారంభించిన ఈమె, ఈ పాత్ర మూలంగా కొన్ని తరాల పిల్లలను భయపెట్టిన వ్యక్తిగా పేరుపొందింది. ఆ భయాన్ని పోగొట్టడానికి జీవిత చరమదశలో టెలివిజన్‌ను సాధనంగా చేసుకున్నది.

బాల్యం, విద్య

మార్గరెట్ హామిల్టన్ ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రుల నలుగురు సంతానంలో ఈమె చివరిది. చిన్ననాటి నుండి నాటకాలపై ఆసక్తి ఉన్నప్పటికీ, ముందుగా ఒక వృత్తి నేర్చుకోవాలన్న పెద్దల కోరిక మేరకు బోస్టన్‌లోని వీలాక్ విద్యాసంస్థలో కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయినిగా శిక్షణ పొందింది. తరువాత కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పింది. అదే కాలంలో క్లీవ్‌లాండ్ ప్లే హౌస్ నాటక సంస్థలో నటనానుభవం సంపాదించింది.

సినీరంగ ప్రవేశం

1932లో న్యూయార్క్‌లోని బ్రాడ్వే రంగస్థలంపై "అనదర్ లాంగ్వేజ్" నాటకంలో నటించింది. ఆ నాటకాన్ని 1933లో ఎం.జి.ఎం. సంస్థ చలనచిత్రంగా నిర్మించినప్పుడు అదే పాత్రతో హామిల్టన్ సినీరంగంలో ప్రవేశించింది. పొడవైన ముక్కు, కోసుగా ఉండే గడ్డం, పదునైన కంఠస్వరం ఈమెకు కథానాయిక అవకాశాలను దూరం చేసినా, క్యారెక్టర్ పాత్రలకు మాత్రం చక్కగా ఉపయోగపడ్డాయి.

ఆ రోజులలో హాలీవుడ్ నటీనటులలో అధికభాగం ఏదో ఒక స్టూడియోతో దీర్ఘకాలిక ఒప్పందం చేసుకొని నెలజీతంవంటి స్థిరమైన ఆదాయం పొందేవారు. హామిల్టన్ అటువంటి ఒప్పందానికి కట్టుబడక, వారానికి 1,000 డాలర్ల పారితోషికం చొప్పున ఏ సంస్థ చిత్రంలోనైనా నటించేది. ఈమె పాత్రల చిత్రీకరణ చాలావరకు కొద్దిరోజులలోనే ముగిసేది కనుక, వరుసగా అవకాశాలు వస్తేనే జీవనం సాగేది. 1931లో జరిగిన వివాహం 1938లో విడాకులతో ముగియడంతో, 1936లో జన్మించిన కుమారుని పోషణభారం ఈమెపైనే పడింది. వచ్చిన పాత్రలను కాదనకుండా అంగీకరించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ది విజార్డ్ ఆఫ్ ఓజ్

ఎల్. ఫ్రాంక్ బామ్ రచించిన బాలల నవల ఆధారంగా ఎం.జి.ఎం. సంస్థ ఈ చిత్రాన్ని నిర్మించింది. మంత్రగత్తె పాత్రకు మొదట గేల్ సోండర్‌గార్డ్‌ను ఎంపిక చేశారు. ఆమెను అందమైన మంత్రగత్తెగా చూపాలనే తొలి ఆలోచనను మార్చుకొని, వికారమైన రూపాన్ని నిర్ణయించడంతో ఆమె తప్పుకున్నది. ఆ అవకాశం హామిల్టన్‌కు లభించింది. బామ్ నవల ఈమెకు చిన్ననాటి నుండి ఇష్టమైన పుస్తకం.

ఈ చిత్రంలో హామిల్టన్ రెండు పాత్రలను పోషించింది. కాన్సాస్‌లో డోరతీ (జూడీ గార్లండ్) కుక్కపిల్లను పట్టుకుపోవడానికి వచ్చే మిస్ గల్చ్ మొదటిది. డోరతీ స్వప్నలోకంలో ఎదురయ్యే ఆకుపచ్చ ముఖపు మంత్రగత్తె రెండవది. పిల్లలు మరీ భయపడతారనే ఉద్దేశంతో మంత్రగత్తె సన్నివేశాలలో కొన్నింటిని విడుదలకు ముందే తగ్గించారు. చివరకు తెరపై ఆ పాత్ర కనిపించేది సుమారు 12 నిమిషాలే. అయినా అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2003లో ప్రకటించిన 50 ప్రతినాయక పాత్రల జాబితాలో దీనికి 4వ స్థానం లభించింది.

చిత్రీకరణలో ప్రమాదం

1938 డిసెంబర్ 23న, మంత్రగత్తె పొగ, మంటల మధ్య అదృశ్యమయ్యే సన్నివేశాన్ని చిత్రీకరిస్తుండగా ప్రమాదం జరిగింది. నేలలో అమర్చిన తలుపు గుండా హామిల్టన్ కిందికి దిగకముందే మంటలు ఎగసి, ఈమె ముఖము, చేయి తీవ్రంగా కాలిపోయాయి. ముఖానికి పూసిన ఆకుపచ్చ రంగులో రాగి సమ్మేళనం ఉన్నందున, గాయాలపై నుండి ఆ రంగును వెంటనే ఆల్కహాల్‌తో తుడిచివేయవలసి వచ్చింది. సుమారు ఆరు వారాలపాటు ఈమె పనికి దూరమయింది. చిత్రంలో కనిపించేది ప్రమాదానికి ముందు మొదటిసారి తీసిన దృశ్యం.

హామిల్టన్ ఈ విషయమై స్టూడియోపై దావా వేయలేదు. దావా వేస్తే చిత్రసీమలో తనకు మళ్ళీ పని దొరకదని తరువాతి కాలంలో వివరించింది. అయితే నిప్పుతో కూడిన సన్నివేశాలలో ఇకపై నటించబోనని చెప్పి, ఆ షరతుపైనే తిరిగి చిత్రీకరణకు వచ్చింది. పొగ వెలువడే చీపురుపై కూర్చోవడానికి ఈమె నిరాకరించగా, బదులుగా కూర్చున్న బెట్టీ డాంకో అనే డూప్ నటి ఆ చీపురుకు అమర్చిన గొట్టం పేలి కాలికి గాయాలపాలయింది.

టెలివిజన్ రంగం

"ది విజార్డ్ ఆఫ్ ఓజ్" 1956 నవంబర్ 3న సి.బి.ఎస్. టెలివిజన్‌లో మొదటిసారి ప్రసారమయింది. 1959 నుండి దాదాపు ప్రతి సంవత్సరమూ పునఃప్రసారం కావడంతో, సినిమా విడుదలైన నాటికి పుట్టని పిల్లలకు కూడా హామిల్టన్ ముఖం సుపరిచితమయింది. 1960లలో "ది ఆడమ్స్ ఫ్యామిలీ" హాస్య ధారావాహికలో నాయిక మోర్టీషియా తల్లిగా నటించింది. 1970లలో మాక్స్‌వెల్ హౌస్ కాఫీ ప్రకటనలలో కోరా అనే దుకాణదారురాలిగా ఇంటింటా పరిచయమయింది.

పిల్లలతో అనుబంధం

తన పాత్ర చిన్నారులపై చూపే ప్రభావం గురించి హామిల్టన్ ఆందోళన చెందేది. 1975లో ఫ్రెడ్ రోజర్స్ నిర్వహించే బాలల కార్యక్రమం "మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్"లో మామూలు దుస్తులతో పాల్గొని, మంత్రగత్తె వేషాన్ని పిల్లలు చూస్తుండగానే ఒక్కొక్కటిగా ధరించింది. పిల్లలు వేషాలు వేసుకొని ఆడుకున్నట్లే తాను కూడా నటించానని వివరించింది. కోరినది ఏదీ దక్కని మంత్రగత్తె కూడా ఒక విధంగా దుఃఖితురాలేనని తెలిపింది.

1976 ఫిబ్రవరిలో "సెసమీ స్ట్రీట్" కార్యక్రమంలో అదే వేషంతో నటించినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. తమ పిల్లలు భయపడ్డారని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడంతో ఆ భాగాన్ని మళ్ళీ ప్రసారం చేయలేదు. 2022లో అది అంతర్జాలంలో వెలుగుచూసింది.

మరణం

హామిల్టన్ 1985 మే 16న కనెక్టికట్ రాష్ట్రంలోని సాలిస్‌బరీలో, 82 సంవత్సరాల వయసులో మరణించింది.

నటించిన కొన్ని చిత్రాలు

అనదర్ లాంగ్వేజ్ (1933)
దీజ్ త్రీ (1936)
నథింగ్ సేక్రెడ్ (1937)
ది అడ్వెంచర్స్ ఆఫ్ టామ్ సాయర్ (1938)
ది విజార్డ్ ఆఫ్ ఓజ్ (1939)
మై లిటిల్ చికడీ (1940)
ది ఆక్స్-బో ఇన్సిడెంట్ (1943)
13 గోస్ట్స్ (1960)
బ్రూస్టర్ మెక్‌క్లౌడ్ (1970)