ఖొనోమా: ఒక అంగామి నాగా గ్రామం

ఖొనోమా నాగాలాండ్ రాజధాని కోహిమాకు పడమట సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, బరైల్ కొండల్లో ఉన్న అంగామి నాగాల గ్రామం. మెర్హుమా, సెమోమా, థెవోమా అనే మూడు ఖేల్‌లు, అంటే వంశాల వారీగా ఏర్పడ్డ పేటలు, కలిస్తే ఈ ఊరు. 1850లోనూ, 1879-80లోనూ బ్రిటిష్ సేనలను ఎదిరించిన ఊరిగా, నాగా స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు ఎ.జెడ్. ఫిజో (1904–1990) పుట్టినూరుగా దీన్ని చరిత్రకారులు ఎక్కువగా తలుచుకుంటారు. యుద్ధాలే చెప్పుకుంటూ పోతే మాత్రం ఊరు ఇన్ని దెబ్బలకు ఎలా తట్టుకుందో తెలియదు. ఆ బలం కోటల్లో కంటే లోయలోని వరిమళ్లలో, వాలుల మీది పోడులో, వాటిపై నిర్ణయం ఊరి చేతిలోనే ఉండడంలో కనిపిస్తుంది.

ఇక్కడి సేద్యం రెండు రకాలు. లోయ పొడవునా గట్లు కట్టి మెట్లుమెట్లుగా దింపిన మాగాణిలో వరి పండిస్తారు. వాగునీరు పై మడి నుంచి కింది మడికి పారుతుంది. ఎగువ వాలుల్లో జుమ్, అంటే మన మన్యంలో పోడు అనే సేద్యం. పోడు అడవిని తినేస్తుందనే అభియోగం పాతదే. బీడు వదిలే ఏళ్లు తగ్గిపోయిన చోట అది నిజం కూడా. ఖొనోమాలో ఆ చిక్కును ఆల్డర్ చెట్టు విప్పింది. పోడు కొట్టేటప్పుడు ఈ చెట్టును మొదలంటా నరకరు. మనిషెత్తుకు కాస్త అటూఇటూగా కొమ్మలు కొట్టేసి, మోడు తల మీద మట్టి మెత్తుతారు. పెద్ద కొమ్మలు వంటచెరకు అవుతాయి, చిన్నవి కాల్చితే బూడిద నేలకు చేరుతుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప వంటివి రెండేళ్లు పండించి, తర్వాత కొన్నేళ్లు వదిలేస్తే మోడు మళ్లీ కొమ్మలు వేస్తుంది. మామూలు పోడుకు పదేళ్లో, అంతకు మించో బీడు కావాలి. ఇక్కడ అందులో సగం కూడా అక్కర్లేదు. కాబట్టి తప్పు పోడుది అనడం కంటే, ఎవరు ఎలా చేస్తున్నారని అడగడం న్యాయం.

ఈ నేల విలువ ఎదిరిపక్షానికీ తెలుసు. 1879 అక్టోబర్ 14న బ్రిటిష్ రాజకీయ అధికారి జి.హెచ్. డామంట్ ఖొనోమా ద్వారం ముందు తుపాకీ దెబ్బకు చనిపోయాడు. ఆ వెంటనే నాగాలు కోహిమాను ముట్టడిస్తే, మణిపూర్ నుంచి సేనతో వచ్చిన జేమ్స్ జాన్‌స్టన్ దాన్ని విడిపించాడు. నవంబర్ 22న బ్రిటిష్ సేన ఊరి మీద పడింది. ఊరివాళ్లు పై శిఖరాల్లోని కోటలకు చేరి 1880 మార్చి దాకా లొంగలేదు. ఈ మధ్యలోనే, జనవరిలో, కాచార్‌లోని బాలాధన్ తేయాకు తోట మీద దాడి చేసి వచ్చారు. లొంగాక పడిన శిక్షను గమనించాలి: ఊరిని నేలమట్టం చేశారు, భూములు జప్తు చేశారు, జనాన్ని ఇతర గ్రామాలకు చెదరగొట్టారు. కోట కూల్చితే మళ్లీ కట్టుకుంటారు. మళ్లు పోతే ఊరే పోతుందని పాలకులు లెక్కవేశారు. ఆ శిక్ష ఎక్కువ కాలం నిలవలేదు, జనం తిరిగి వచ్చి ఆ మళ్లనే దున్నారు.

ఇదంతా ఊరిని ఆదర్శంగా చిత్రించడమేనని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలం ఉంది. ఖొనోమా బలహీనమైన పొరుగు గ్రామాల నుంచి కప్పం వసూలు చేసింది. ఖేల్‌ల మధ్య పగలు ఉండేవి. ఫిజో సహచరుడు, ఆ తర్వాత ఆయనతో విభేదించిన టి. సఖ్రీ కూడా ఈ ఊరివాడే. 1956లో సాటి నాగాల చేతిలోనే హతుడయ్యాడు. అంగామి ఆచారంలో పూర్వీకుల భూమికి కూతుళ్లు వారసులు కారు. ఊరిపెత్తనం మగవాళ్ల చేతుల్లోనే నడిచింది. ఊరు తన నేలను తానే చూసుకున్నంత మాత్రాన అందులో అందరికీ సమానంగా మాట చెల్లిందని కాదు, ఈ లోటును చిన్నది చేసి చూపడం తప్పు. అయినా ఇక్కడ అడుగుతున్న ప్రశ్న వేరు: నేలనూ అడవినీ కాపాడే నిర్ణయం ఎక్కడ పుడితే అమలవుతుంది?

ఇందుకు 1990లలో ఒక సాక్ష్యం దొరికింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చినా, ఈ కొండల్లో వేట ఆగలేదు. నాగాలాండ్ అడవుల్లో అధికభాగం ప్రభుత్వానివి కావు, గ్రామాలవీ వంశాలవీ. 1993లో ఖొనోమా చుట్టుపక్కల ఒక్క వారంలో దాదాపు 300 బ్లైత్ ట్రాగోపాన్ పక్షులను చంపారని చెబుతారు. ఆ పక్షే నాగాలాండ్ రాష్ట్రపక్షి. ఊరిలోనే కొందరు పెద్దలు దీన్ని నిలదీశారు. వేటను మగతనానికి గుర్తుగా ఎంచిన చోట ఆ వాదన తేలిగ్గా నెగ్గలేదు, ఏళ్లు పట్టింది. చివరికి 1998లో సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని ట్రాగోపాన్ అభయారణ్యంగా ప్రకటించి, వేటను నిషేధించి, తప్పితే జరిమానా అన్నారు. కాపలా ఊరి యువకులదే. హరిత గ్రామంగా పేరు, పర్యాటకానికి ప్రభుత్వ నిధులు వచ్చింది ఆ తర్వాత; డబ్బు కోసమే వేట మానారనే వాదనకు ఈ వరుసే జవాబు.