గ్రేట్ ఓషన్ రోడ్: ఒక స్మారకం, మూడు జ్ఞాపకాలు

ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో టార్కీ నుండి ఆలన్స్‌ఫర్డ్ వరకు 243 కిలోమీటర్లు సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద కారవాన్‌లతో వెళ్ళేవారందరూ ఈస్టర్న్ వ్యూ దగ్గరి చెక్క కమాను ముందు ఆగుతారు. ఫొటో దిగి సాగిపోయేవారే ఎక్కువ. ఈ రోడ్డు మొదటి ప్రపంచయుద్ధంలో మరణించినవారికి స్మారకం. నిర్మించినవారు ఆ యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికులు.

జీలాంగ్ మేయర్ హోవర్డ్ హిచ్‌కాక్ పట్టుదలతో, విరాళాలతో 1919లో పని మొదలైంది. దాదాపు మూడువేల మంది గునపాలు, పారలు, తోపుడు బళ్ళు, పేలుడు మందుతో కొండ చరియలను తొలిచారు. కూలి రోజుకు పది షిల్లింగుల ఆరు పెన్నీలు. కొందరు పనిలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి వైద్యులు 'షెల్ షాక్' అని పిలిచిన రుగ్మత ఆ డేరాలలో లేదని ఎవరూ అనలేరు. ఫిరంగి మోతలు విని వచ్చినవారికి మళ్ళీ పేలుళ్ళ మధ్యే ఉపాధి చూపించారు. 1924లో మాత్రం వారికి ఊహించని ఆటవిడుపు దొరికింది. ఒడ్డెక్కిన కసీనో అనే స్టీమరు బరువు తగ్గించుకోవడానికి సముద్రంలో పారేసిన బీరు పీపాలు కొట్టుకొచ్చాయి. రెండు వారాలు పని సాగలేదు! 1932లో రోడ్డు పూర్తయ్యేనాటికి హిచ్‌కాక్ లేడు. ప్రారంభోత్సవపు ఊరేగింపులో గవర్నరు కారు వెనుక అతని కారు ఖాళీగా నడిచింది.

ఓట్వే అగ్రం గాడుబనుడ్ ప్రజల నేల. 1846లో సర్వేయర్ జార్జ్ స్మైత్ బృందం అక్కడ వారిలో పలువురిని చంపింది. రెండేళ్ళకు అదే అగ్రం మీద దీపస్తంభం వెలిగింది. అంతకు ముందు, 1845లో, కింగ్ ద్వీపం దగ్గర కటరాకీ ఓడ మునిగి నాలుగు వందల మంది చనిపోయారు. ఆ దీపం అవసరం నిజమే. కానీ ఆ వెలుగు ఎవరి నేల మీద నిలిచిందో కూడా చరిత్రే.

దీపం ఉన్నా 1878 జూన్ 1న పొగమంచులో లాక్ ఆర్డ్ ఓడ బండలకు గుద్దుకుంది. 54 మందిలో బతికినవారు ఇద్దరే: టామ్ పియర్స్ అనే శిక్షణలో ఉన్న నావికుడు, ఈవా కార్మైకేల్ అనే యువతి. ఒడ్డు చేరిన టామ్ ఆమె కేకలు విని మళ్ళీ నీళ్ళలోకి దూకి లాక్కొచ్చాడు. ఓడలో ఉన్న ఆమె తల్లిదండ్రులూ తోబుట్టువులూ అందరూ పోయారు. వీరిద్దరూ పెళ్ళి చేసుకోవాలని పత్రికలు, జనం ఉబలాటపడ్డారు. దుఃఖంలో ఉన్నవారి మీద ప్రేక్షకులు రుద్దే కథల్లో ఇదొకటి. ఈవా కొన్ని నెలలకే ఐర్లండ్ వెళ్ళిపోయింది.

మెల్‌బోర్న్ ప్రదర్శన కోసం ఆ ఓడలో వచ్చిన నిలువెత్తు పింగాణీ నెమలి మాత్రం పెట్టెతో సహా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది ఇప్పుడు వార్నంబూల్ సాగర మ్యూజియంలో ఉంది.