సన్‌షైన్: కర్మాగారము వెలయించిన ఉపనగరము

ఆస్ట్రేలియా దేశమున మెల్‌బోర్న్ మహానగరమునకు పడమట సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న సన్‌షైన్ అను ఉపనగరము పరిమాణమున స్వల్పమేయైనను, కూలివాని వేతనమును బేరసారములనుబట్టి గాక అతని కుటుంబావసరములనుబట్టి నిర్ణయింపవలెనను ధర్మసూత్రము ఉదయించుటకు కారణమైన స్థలమగుటచే, ఆ దేశపు ఆర్థిక చరిత్రలో విశిష్టస్థానము నార్జించుకొన్నది.

కులిన్ జాతులకు చెందిన ఆదివాసులు అనాదిగా సంచరించుచుండిన ఆ మైదానములను ఐరోపావాసులు ఆక్రమించి పశువులను మేపుకొనజొచ్చిన పిమ్మట, బెండిగో, బల్లరాట్ పట్టణములకు పోవు రైలుమార్గములు అచ్చట చీలుటవలన బ్రేబ్రూక్ జంక్షన్ అను చిన్న ఊరు వెలసెను. దాని భాగ్యమును మార్చినవాడు హ్యూ విక్టర్ మెక్‌కే. రైతుబిడ్డయైన ఈతడు, గోధుమవెన్నులను కోయుట, నూర్చుట, తూర్పారబట్టుట అను మూడు పనులను పొలముననే ఏకకాలమున నిర్వహింపగల యంత్రమును 1884లో నిర్మించి, సన్‌షైన్ హార్వెస్టర్ అను పేర విక్రయించుచు, బల్లరాట్‌లో సాగుచుండిన తన పరిశ్రమను 1906లో ఈ జంక్షనునకు తరలించెను. మరుసటి సంవత్సరమే ఊరు తన పూర్వనామమును విడిచి, యంత్రము పేరునే ధరించెను. కర్మాగారముతోపాటు కార్మికులకు గృహములు, ఉద్యానవనము, సాంకేతిక పాఠశాల క్రమముగా ఏర్పడగా, అర్జెంటీనా వంటి దూరదేశములకు సైతము ఇచ్చటి యంత్రములు ఎగుమతి కాజొచ్చెను.

దేశీయ యంత్రములపై విధించిన ఎక్సైజు సుంకము, పనివారికి న్యాయమైన వేతనమిచ్చు యజమానులకు మినహాయింపబడునని 1906లో ఫెడరల్ పార్లమెంటు శాసించెను. మెక్‌కే ఆ మినహాయింపును కోరగా, న్యాయమూర్తి హెన్రీ బోర్న్స్ హిగ్గిన్స్ న్యాయమైన వేతన మనగా నేమి యని విచారింపబూని, అద్దె, రొట్టె, మాంసము, వంటచెఱకు మొదలగువానికి శ్రామిక గృహములలో ఎంత వ్యయమగుచున్నదో గృహిణుల వాఙ్మూలములను విని, నాగరిక సమాజమున మనుష్యునిగా జీవించుటకు నైపుణ్యములేని కూలివానికైనను దినమునకు 7 షిల్లింగులు అవసరమని 1907 నవంబరులో తీర్పు చెప్పెను. ఇల్లాలి పద్దుల పుస్తకమునకు న్యాయస్థానమున ఇంతటి గౌరవము లభించుట, నా యభిప్రాయమున, ఈ చరిత్రలోని మహత్తర ఘట్టము.

అయినను ఈ విజయము నిష్కంటకము కాదు. తీర్పునకాధారమైన శాసనమును 1908లో హైకోర్టు కొట్టివేసెను. 1911లో కర్మాగారమున జరిగిన దీర్ఘమైన సమ్మెలో కార్మికులు ఓటమి పాలైరి. కుటుంబపోషకుడు పురుషుడే యను భావనచే స్త్రీలకు తక్కువ వేతనమిచ్చు అన్యాయము 1969, 1972 సంవత్సరముల సమానవేతన నిర్ణయములవఱకు సాగెను. కాని హిగ్గిన్స్ ప్రతిపాదించిన ప్రమాణము వేతనవివాదముల మధ్యవర్తిత్వమునకు ఆధారమై, అనేక దశాబ్దములు దేశమంతటను నిలిచెను.

మెక్‌కే 1926లో మరణించిన పిదప అతని సంస్థ మాసీ హారిస్ అను విదేశీ సంస్థతో చేతులు కలిపి, 1955లో పూర్తిగా అన్యహస్తగతమయ్యెను. ద్వితీయ ప్రపంచయుద్ధానంతరము మాల్టా, ఇటలీ, పోలండు, యుగోస్లావియా దేశములనుండియు, 1975 తరువాత వియత్నాంనుండియు తరలివచ్చిన జనులు ఇచ్చట స్థిరపడి, దేవాలయములను, సంఘములను, అంగళ్లను నెలకొల్పుకొనిరి. కొలిమి చల్లారి, యంత్రశాలలు చాలవఱకు నేలమట్టమై, ఆ స్థలమున నేడు విశాలమైన విపణిశాల నిలిచియుండగా, పూర్వపు ప్రధాన కార్యాలయము, గడియారపు గోపురము మొదలగు కొన్ని కట్టడములు మాత్రము సంరక్షింపబడినవి.

ఒకే యజమానిని ఆశ్రయించి పుట్టిన ఊరు ఆ యజమానితోనే నశింపవలసియుండగా, సన్‌షైన్ నశింపలేదు; ఏలయన అచ్చట పనికై వచ్చినవారు పనిముట్లుగా గాక గృహస్థులుగా స్థిరపడిరి. పరిశ్రమలను ఆహ్వానింపగోరు ప్రతి నగరమును, ఎన్ని యంత్రములు తయారగునని ప్రశ్నించుటకు ముందు, అందు శ్రమించువాడు కుటుంబముతో సగౌరవముగా బ్రతుకగలడా యని ప్రశ్నింపవలెను.