ఊరు లేని గుడి

“తాత్కాలికము” అను మాట దస్త్రములపై మనము తరచుగ వ్రాయుదుము. ఆ మాట యొక గ్రామమునకు శాశ్వతమైన కథ యిది.

ఇంగ్లండులో విల్ట్‌షైర్ సీమయందు, సాలిస్బరీ మైదానము నడుమ ఇంబర్ అను పల్లె యుండెను. 1943 నవంబరు 1వ తేదీన అధికారులు గ్రామస్థులను బడిలో సమావేశపరచి, సైనిక శిక్షణ నిమిత్తము 47 దినములలో ఊరు ఖాళీ చేయవలెనని తెలిపిరి. యుద్ధానంతరము మరలి రావచ్చునను నమ్మకముతో సుమారు 150 మంది తరలిపోయిరి. వారికి మరలివచ్చు భాగ్యము కలుగలేదు. 1961లో జరిగిన ఆందోళనయు ఫలింపలేదు.

ఇండ్లు చాలవరకు నశించినను, సెయింట్ గైల్స్ ఆంగ్లికన్ దేవాలయము నిలిచియున్నది. 13వ శతాబ్దినాటి యీ రాతి కట్టడమునకు 15వ శతాబ్దిలో చదరపు గోపురము అమరినది. గోడలపై ప్రాచీన చిత్రములు వెలిసియు కనబడుచున్నవి. గంటలు మ్రోగించు వరుసక్రమము సైతము గోడపై లిఖింపబడియున్నది. ఇందలి యోధుల శిలాప్రతిమలు రెండు పొరుగున నున్న ఎడింగ్‌టన్ దేవాలయమునకు చేర్చబడినవి.

2005లో దీని సంరక్షణభారమును చర్చిల పరిరక్షణ సంస్థ స్వీకరించినది. ఏటేట సెప్టెంబరు 1వ తేదీ ప్రాంతమున నిచట ప్రార్థన జరుగును. నాడు గంట మ్రోగును. ఆలకించుటకు ఊరు మాత్రము లేదు. కలము పట్టిన మనము మరువరాని గంట యది.