తెప్పలవారి దారి: జువ్వలదిన్నె తీరము

సముద్రతీరమునకు దొలిసారి పోవువాడు సామాన్యముగా సముద్రమునే చూచి వచ్చును, తీరమును జూడడు. నెల్లూరు జిల్లాలోని జువ్వలదిన్నెకు బోదలచినవారికి ఈ లోపము కలుగకుండ, ఆ తీరముయొక్క చరిత్రను గొంత విన్నవించుట నేటి నా ప్రసంగోద్దేశము.

పూర్వము పొగబండ్లకు పేరెన్నికగన్న బిట్రగుంట స్టేషనులో దిగి తూర్పుగా బోవలెను. దిన్నె యనగా మిట్టనేల. జువ్వి యనునది మఱ్ఱి రావి జాతికి జేరిన చెట్టు. జువ్వులున్న దిన్నెయే జువ్వలదిన్నె యైనదని నా యూహ. 1989 నవంబరులో కావలి ప్రాంతమును దాకిన పెనుతుపానును, 2004 డిసెంబరు 26వ తేది యుప్పెనను ఎఱిగినవారికి, మన పూర్వులు మిట్ట చూచి కాపురము పెట్టుటలోని వివేకము వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ తీరమంతటను సముద్రమునకు సమాంతరముగా బకింగుహాము కాలువ సాగుచున్నది. 1806లో చెన్నపట్టణమునకును ఎన్నూరునకును నడుమ మొదలై, క్రమముగా ఉత్తరమున పెదగంజాము వఱకు బెరిగి, ధాత కరవునాడు వేలకొలది పేదలకు కూలిపనియై, 1878లో ఆనాటి గవర్నరు పేరు దాల్చినది. కలపయు, ఉప్పును, వడ్లును దానిమీద పడవలలో బోయెడివి. ప్రక్కనే అంత కడలి యుండగా ఇంత శ్రమపడి కాలువ యేల? నాకు దోచు సమాధాన మొక్కటే: అలలు.

నెల్లూరు తీరము మొదలుకొని చెన్నపట్టణము దాక ఒడ్డు గీత గీచినట్లు తిన్నగా నుండును. ఓడలు తలదాచుకొనదగిన సహజపు రేవు లరుదు. 1626 ప్రాంతమున ఆంగ్లేయులు దుగరాజపట్నమున, అనగా నేటి తిరుపతి జిల్లాలో, కోఠీ కట్టి దానికి ఆర్మగాన్ అని పేరిడిరి. తమకు సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరే అట్లు మాఱినదని చెప్పుదురు. కోరమాండలు తీరమున వారు ఫిరంగులతో బలపఱచుకొన్న మొదటి స్థావర మదియే. అచటి యధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు బోయి, 1639 ఆగస్టు 22వ తేదిగల పత్రముతో చెన్నపట్టణపు స్థలమును సంపాదించెను. అచటను రేవు లేదు. ఓడలు దూరముననే లంగరు వేయవలసినవి. అయినను రెండువందల యేండ్లకు బైగా ఆ పట్టణము వర్తకము నడిపినది. ఎవరి భుజబలముమీద? కోట కట్టించినవారి పేర్లు పాఠ్యపుస్తకములలో నున్నవి. దొరలను, పెట్టెలను, ఉత్తరములను అలలు దాటించిన పడవవాని పేరొక్కటియు లేదు. ముప్పదియేండ్లు చరిత్రపాఠము చెప్పిన నాకిది నేటికిని మనస్సున ముల్లువలె నున్నది.

వారి మసూలా పడవకు మేకు లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో గుట్టి, కుట్టులలో గడ్డి గూర్చెడివారు. మేకులు దిగగొట్టిన పరదేశపు పడవ ఇసుకపై బడిన పగులును. కుట్టుపడవ దెబ్బకు వంగి మరల నిలుచును. పడవ బోర్లపడినచో ప్రయాణికులను లేవదీయుటకు తెప్పలు వెంటబోయెడివి. తెప్ప యనగా కొన్ని తేలికదుంగలను త్రాళ్లతో గట్టినది. నీరు సందులనుండి జాఱిపోవును గావున నిండుట, మునుగుట దాని కెఱుకలేదు. ఓడకు ఉత్తరము జేర్చువాడు, నీరు సొరకుండ తాటాకుతో నల్లిన టోపీలో దానిని దాచి తలబెట్టుకొని పోయెడివాడు. తమిళులు తెప్పను కట్టుమర మందురు. ఆ మాటయే ఇంగ్లీషు నిఘంటువున జేరినది.

నెల్లూరు తీరగ్రామములలో ఈ విద్య పట్టపువారిది. ఇంట దమిళము గలిసిన మాట, బయట దెలుగు. ఊరిపెద్దల కట్టుబాటును వీరు దురాయి యందురు. నేడు తెప్పలకు బదులు యంత్రము గల ఫైబరు పడవలు వచ్చినవి గాని, అలను జదువు విద్య మాఱలేదు. అల తన యెత్తుకు రమారమి సమానమైన లోతునకు వచ్చినప్పుడు విఱుగును. నీటిక్రింద ఒడ్డువెంబడి ఇసుకతిన్నె లుండుటచే రెండు మూడు వరుసలుగా విఱుగును. పెద్ద అలలు గుంపులుగా వచ్చును. గుంపునకు గుంపునకు నడుమ గొంత తెఱపి. ఆ తెఱపికై కనిపెట్టియుండి, కేకవేసి, ఒక్కుమ్మడి తెడ్డు వేయుటయే రహస్యము.

క్రొత్తవాడు చేయునది దీనికి విపరీతము. తెల్లని నురుగునకు వెఱచి, ప్రక్కనే నురుగులేక నిమ్మళముగా గనబడు సందున దిగును. ఒడ్డెక్కిన నీరంతయు లోనికి మరలు త్రోవ యదియే! దాని కెదురీది యలసినవారు ప్రాణములు గోల్పోవుచున్నారు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది ఆ త్రోవను దప్పించుకొన్న బ్రతుకవచ్చును. కార్తికస్నానములకు బిల్లలను దీసికొని పోవు పెద్దలు, పట్టపు వృద్ధు నొకని నడిగి మఱి దిగుట మేలు.

అలతో ఆట యనినంతనే ఇది పాశ్చాత్యుల విలాస మనుకొనరాదు. 1779లో హవాయి ద్వీపములనుండిన కెప్టెన్ కుక్కు ఓడలలోని జేమ్సు కింగు అను నధికారి, ద్వీపవాసులు పలకలపై అలల నెక్కి స్వారిచేయుట జూచి విస్తుపోయి వ్రాసెను. ఆ క్రీడ 2021లో జరిగిన టోకియో ఒలింపిక్కులలో మొదటిసారి చేరినది. చెన్నపట్టణమునకు దక్షిణమున కోవళములో జాలరి యువకులే దానిని నేర్చి యితరులకు నేర్పుచున్నారు. తెప్పవాని కుమారునకు అలపై నిలుచుట యెంత పని!

జువ్వలదిన్నెలో చేపలరేవునకు 2020 నవంబరు 21వ తేది శంకుస్థాపన జరిగినది. రాతికట్టల చాటున పడవ నిలుపుట మేలే. ప్రాణములు దక్కును, చేప చెడదు. కాని యీ తీరమున ఇసుకకు నిలుకడ లేదు. నైరుతి ఋతుపవనకాలమున ఉత్తరముగా, ఈశాన్యకాలమున దక్షిణముగా నడచును. ఏడాది లెక్కకు ఉత్తరముగా బోవునదే యెక్కువ. చెన్నపట్టణమున రేవు కట్టిన పిదప దక్షిణమున ఇసుక చేరి మెరీనా విశాలమైనది. ఉత్తరమున రాయపురము వైపు ఒడ్డును సముద్రము గోసికొని పోయినది. కావున జువ్వలదిన్నెకు ఉత్తరపు పల్లెల పెద్దలు ఒడ్డున గుర్తుకొయ్యలు పాతి, గట్టు తఱిగినదో పెరిగినదో యేటేట గొలిచి వ్రాసికొనుట యవసరము.

మఱియొకటి. రేవుచాటున బెరిగిన కుఱ్ఱవానికి అలల గుంపు లెక్క యెవరు చెప్పుదురు? తెడ్డు పట్టిన వృద్ధులు ఇంకను ఆ తీరమున నున్నారు. ఏ నెలలో ఏ గాలి, ఏ తిన్నె యెక్కడ, ఎన్ని అలల పిదప తెఱపి, ఇవి వారి నోట విని వ్రాసికొను పనిని బడిపిల్లల కీ యేడే యప్పగింపవచ్చును.