భూమి నడుము కొలిచినవారు

ఉగాదినాడు పచ్చడి తిన్న తరువాత మనవాళ్ళు చేసే ముఖ్యమైన పని పంచాంగం వినడం. విరూరులో మన ఇళ్ళలో వేపపూత కోసుకునే వేళకే పక్కింటి మరాఠీవారి గుమ్మం మీద గుడి లేస్తుంది. మనకు ఉగాది, వారికి గుడీ పాడవా. పేర్లు రెండు గాని తిథి ఒక్కటే, చైత్ర శుద్ధ పాడ్యమి. పంచాంగంలో ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు అందరికీ గుర్తుంటవి. ఆ పుస్తకమంతా మూడు తిరుగుళ్ళ లెక్క మాత్రమేనని తట్టేది కొద్దిమందికి. భూమి తన చుట్టు తాను తిరగడం, చంద్రుడు భూమి చుట్టూ తిరగడం, భూమి సూర్యుని చుట్టూ తిరగడం, ఈ మూడే దానికి ఆధారం.

వీటిలో మొదటి తిరుగుడును గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలిచాను. ఆ తిరుగుడువల్ల భూమి ఆకారం ఏమైందో కొలవడానికి బయలుదేరినవారు మన తెలుగు నేలమీదుగానే నడిచిపోయినారు. వారి పెద్ద కన్నుమూసిన ఊరు మనం నాగపూరు పోయే రైలుదారిలోనే ఉన్నది.

ముందు ఇంటి వస్తువులు చూద్దాం. బొంగరాన్ని ఊరకే ముల్లుమీద నిలబెడితే పడిపోతుంది; తిప్పి వదిలితే నిలుస్తుంది. తిరిగే వస్తువు తన ఇరుసును ఒక దిక్కుకు పట్టుకొని సులభంగా వదలదు. పాఠ్యపుస్తకాలలో దీనిని కోణీయ ద్రవ్యవేగమంటారు. కుమ్మరి సారె బరువంతా అంచున ఉంచడానికి కారణం కూడా ఇదే. ఇరుసుకు దూరాన ఉన్న బరువు కదలడానికి మొరాయిస్తుంది, కదిలిన తరువాత ఆగడానికీ అంతే మొరాయిస్తుంది. అందుకే ఒకసారి కర్రతో బలంగా తిప్పితే కుండ గోడ లేచేదాకా సారె తిరుగుతూనే ఉంటుంది.

ఇక ఒప్పులకుప్ప ఆడని తెలుగు పిల్ల ఉండదు. ఇద్దరూ చేతులు కత్తెరలా పట్టుకొని, పాదాలు దగ్గర చేర్చి, వెనక్కు వాలి గిర్రున తిరుగుతారు. జడలు బయటికి లేస్తవి, పరికిణీలు గొడుగులవుతవి, చేతులు పట్టు తప్పితే చెరో మూలకు పోయి పడతారు. తిరిగే ప్రతి వస్తువులోనూ ప్రతి ముక్కా తిన్నగా పోవాలని చూస్తుంది. లోపలికి లాగే పట్టు ఒకటి ఉంటేనే గుండ్రంగా తిరుగుతుంది. జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల రాయి సంగతీ ఇదే. ఈ చిన్న సంగతిని భూగోళమంతటికీ అన్వయించడానికి మనుష్యులకు చాలా శతాబ్దాలు పట్టింది.

అసలు భూమి తిరుగుతున్నదని ఒప్పుకోవడమే కష్టమైంది. క్రీ.శ. 476లో పుట్టిన ఆర్యభటుడు తన ఇరవైమూడవ యేట రాసిన గ్రంథంలో నక్షత్రాలు కదలవనీ, భూమే తిరుగుతున్నదనీ చెప్పినాడు. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో భూమి 1,58,22,37,500 మార్లు తిరుగుతుందని లెక్క ఇచ్చినాడు. భాగించి చూస్తే ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు వస్తుంది. నేటి గడియారాలూ అదే చెబుతున్నవి. (మన 24 గంటల రోజు సూర్యునిబట్టి లెక్కించినది, ఇది నక్షత్రాలనుబట్టి.) అయినా మన పెద్దలే ఆయన మాట నమ్మలేదు. భూమి తిరిగేటట్లయితే గూడు విడిచి ఎగిరిన పక్షి మళ్ళీ గూటికి చేరడమెట్లా అని వరాహమిహిరుడు ఆక్షేపించినాడు. తెలివైన ప్రశ్నే. రైలెక్కే మనకు జవాబు సులభం. పరుగెత్తే పెట్టెలో పిల్లవాడు బంతి పైకెగరేస్తే అది వెనక పెట్టెలో పడదు, వాడి చేతిలోనే పడుతుంది. పక్షీ, గాలీ, గూడూ అన్నీ భూమితోపాటు సాగుతున్నవే. విరూరులో కూర్చున్నవారు గంటకు దాదాపు 1,570 కిలోమీటర్ల వేగాన తూర్పుకు పోతున్నారు, చేతిలోని టీ తొణకకుండానే.

అంత వేగాన తిరిగే వస్తువు నడుమున ఉబ్బకుండా ఉంటుందా? ఈ ప్రశ్నకు మొదటి జాడ ఒక గడియారంవల్ల తెలిసింది. 1672లో రిషే అనే ఫ్రెంచి పండితుడు దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరనున్న కయెన్ పట్టణానికి పోయినాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకపు గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా పొట్టి చేస్తేగాని సరిపడలేదు. అక్కడ భూమి ఆకర్షణ తగ్గి కనబడిందన్నమాట. 1687లో న్యూటన్ దీనికి కారణం చెప్పినాడు. నడుము దగ్గర తిరిగే వేగం ఎక్కువ గనుక విసరుపాటు ఎక్కువ, భూమి అక్కడ ఉబ్బి ధ్రువాల దగ్గర అణగి ఉండాలన్నాడు. పారిస్‌లోని కసీనీ వంశంవారు మాత్రం తమ కొలతలు చూపి, భూమి గుమ్మడికాయలా కాదు, కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉన్నదని పట్టుబట్టినారు.

తగవు తీరే ఉపాయం ఒక్కటే. ఒక డిగ్రీ పొడవును ఉత్తరానా దక్షిణానా కొలిచి పోల్చాలి. అణగిన చోట నేల వంపు తక్కువ. ఒక డిగ్రీ వంపు రావాలంటే ఎక్కువ దూరం నడవాలి. 1735లో ఒక బృందం పెరూకు, మరుసటేడు ఇంకొకటి మంచుదేశమైన లాప్‌లాండుకు బయలుదేరినవి. డిగ్రీ ఉత్తరాన పొడుగు, పెరూలో పొట్టి. గుమ్మడికాయే గెలిచింది. కాని ఎంత ఉబ్బు అన్నది తేలలేదు. దానికి ఇంకా పెద్ద కొలత కావలసివచ్చింది. ఇక్కడినుండి కథ మన దేశానికి వస్తుంది.

విలియం లాంబ్టన్ ఇంగ్లీషు పటాలంలో అధికారి, 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొన్నవాడు. 1802లో మద్రాసు పరంగిమల దగ్గర గొలుసులతో మొదటి ఆధారరేఖ కొలిచినాడు. అక్కడినుండి త్రికోణం మీద త్రికోణం అల్లుకుంటూ, కన్యాకుమారి వైపునుండి ఉత్తరానికి 78వ రేఖాంశం పొడుగునా పోవడం ఆయన సంకల్పం. పటాలు గీయడానికి సర్కారు డబ్బిచ్చింది గాని, ఆయన మనసంతా భూమి ఆకారం మీదనే. కోణాలు కొలిచే థియొడలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు గుడిమీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకొని దాని చక్రం వంకరపోయింది. ఆయన ఆరు వారాలు గుడారంలో కూర్చొని దానిని మళ్ళీ గుండ్రంగా సరిచేసినాడు. నాకు తెలిసినంతలో ఓర్పుకు ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

1815 నాటికి కొలత బీదరు దగ్గర దామరగిద్దకు, అంటే నిజాం రాజ్యంలోకి వచ్చింది. ఆనాడు రాజురా ప్రాంతం కూడా ఆ వైపు నేలే. 1956 దాకా మన తాలూకా అదిలాబాదు జిల్లాలోనిదేనని మన పెద్దలకు జ్ఞాపకమే. 1818 చివర హైదరాబాదులో జార్జి ఎవరెస్టు అనే యువకుడు లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరినాడు. హిమాలయ శిఖరానికి 1865లో పెట్టిన పేరు ఈయనదే. ఆయనకు అప్పగించిన పని కృష్ణా గోదావరుల నడుమ తెలుగు అడవులు. 1819 వానకాలంలో యెల్లాపురం అడవిలో మన్యపు జ్వరం తగిలి దాదాపు బృందమంతా పడకేసింది. హైదరాబాదునుండి పల్లకీలు, ఏనుగులు, ఒంటెలు వచ్చి మోసుకుపోయినవి. దారిలోనే కొందరు పోయినారు. ఎవరెస్టు కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా ఓడలో పోయినాడు. గుట్టలమీద చెట్లు కొట్టి, జెండాలు పట్టి, రాత్రులు దీపాలు చూపిన కూలీలకు, లస్కర్లకు అటువంటి ఓడ లేదు. భూమి నడుము కొలతలో మనవారి పాలు ఇదీ. చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు చెప్పి, మిగిలినవారిని సంఖ్యతో సరిపెడుతుంటవి.

లాంబ్టన్ సుమారు డెబ్బైయేళ్ళ వయస్సులో, దగ్గుతో బాధపడుతూ, హైదరాబాదునుండి మకాం నాగపూరుకు మార్చడానికి బయలుదేరి 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో మరణించినాడు. ఆయనను ఆ ఊళ్ళోనే పాతిపెట్టినారు. బల్లార్షా, చంద్రపూరు, భాందక్, వరోరా దాటి వార్ధా వైపు పోయేటప్పుడు రైలు ఆగే ఆ హింగన్‌ఘాటే. మనలో ఎందరో ఆ స్టేషనులో టీ తాగి ఉంటారు.

పని ఎవరెస్టు కొనసాగించి 1841లో డెహ్రాడూను దాకా ముగించినాడు. ఇరవై రెండు డిగ్రీలకు పైగా నిడివిగల కొలత అది. తేలిందేమిటి? దక్షిణపు కొసన ఒక డిగ్రీ 110.6 కిలోమీటర్లుంటే ఉత్తరపు కొసన దానికంటే సుమారు పావు కిలోమీటరు ఎక్కువ. అంత చిన్న తేడా కోసం నలభై ఏళ్ళు! పని సగంలో ఉండగానే, 1830లో, ఎవరెస్టు భూమి అణగుడు సుమారు 300లో ఒక వంతు అన్నాడు. నేడు కృత్రిమ ఉపగ్రహాల లెక్క 298లో ఒక వంతు. కేంద్రంనుండి భూమధ్యరేఖకు దూరం 6,378 కిలోమీటర్లు, ధ్రువానికి 6,357. తేడా 21 కిలోమీటర్లు, అదంతా తిరుగుడు చేసినదే.

పత్తి అమ్మే ఇంటివారికి ఒక చమత్కారం చెబుతాను. స్ప్రింగు కాటాతో తూస్తే ధ్రువం దగ్గర క్వింటాలు తూగిన సరుకు భూమధ్యరేఖ దగ్గర దాదాపు అరకిలో తక్కువ చూపిస్తుంది. తక్కెడతో తూస్తే ఎక్కడైనా ఒకటే, ఎందుకంటే సరుకుతోపాటు రాళ్ళ బరువూ తగ్గుతుంది. కాటా తేడాలకు వేరే కారణాలు కూడా ఉంటవనుకోండి, వాటికి భూభ్రమణాన్ని నిందించకూడదు.

మన గ్రహం ఒక్కటే ఇట్లా కాదు. గురుగ్రహం భూమికి పదకొండు రెట్లు అడ్డం ఉండీ పదిగంటలలోపే చుట్టు తిరుగుతుంది. దాని అణగుడు పదిహేనింట ఒక వంతు, చిన్న దూరదర్శినిలోనే కనిపిస్తుంది. శని దానికంటే ఎక్కువగా అణగినవాడు. శుక్రుడు ఒక చుట్టుకు 243 రోజులు తీసుకుంటాడు, అదీ ఎదురు దిక్కున. అందుకే నడుము ఉబ్బలేదు, ఇంచుమించు నిండు గుండ్రం.

ఇప్పుడు పంచాంగం దగ్గరికి రావచ్చు. వేగం తగ్గిన బొంగరం తల ఆడిస్తుంది గదా. బరువు దానిని పడదోయాలని చూస్తే, అది పడక, ఇరుసే మెల్లగా చుట్టు తిరుగుతుంది. భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉన్నది. సూర్యచంద్రులు ఆ ఉబ్బిన నడుమును పట్టి లాగి నిటారు చేయబోతారు. భూమి లొంగక బొంగరంలాగే తల తిప్పుతుంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్ళు. భూమి నిండు గుండ్రంగా ఉంటే వారికి పట్టు చిక్కేది కాదు. దీనినే మన జ్యోతిష్కులు అయనచలనమన్నారు. డిసెంబరు 21, 22 తేదీలలో సూర్యుడు ఉత్తరానికి తిరిగినా మనం మకర సంక్రాంతిని జనవరి 14, 15న చేసుకోవడం దీనివల్లనే. మన లెక్క నక్షత్రాలను పట్టుకొన్నది, ఋతువులు ఇరుసును పట్టుకొన్నవి. రెండింటికీ సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతుంది. ఉగాది కూడా ఆ లెక్కనే ఎండాకాలంలోకి జరుగుతున్నది.

1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం వేసిన పంచాంగ సంస్కరణ సంఘం, 1956 మార్చి 21 నాటికి ఈ ఎడం 23 డిగ్రీల 15 నిమిషాలని నిర్ణయించింది. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. ఈసారి పంచాంగం చేతికి వచ్చినప్పుడు అయనాంశ అన్న మాటకు ఎదురుగా ఆ అంకె ఉన్నదేమో వెతికి పిల్లలకు చూపించండి. మరొక మాట. రాజమహేంద్రవరానికి గుణించిన పంచాంగమైతే, విరూరు దానికి పడమరన ఉన్నది గనుక, రేఖాంశపు తేడావల్లనే మన సూర్యోదయం తొమ్మిది పది నిమిషాలు ఆలస్యం. భూమి ఆ మాత్రం తిరిగి మనలను వెలుగులోకి తేవాలి గదా.