వెయ్యిలో ఒక్క ఛాన్సు

వెంటిలేటర్ బుస్సుమంటుంది. ఆగుతుంది. మళ్లీ బుస్సుమంటుంది. గదిలో ఇంకే చప్పుడూ లేదు.

2012 ఏప్రిల్ నెలాఖరు. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి. ఐసీయూ మంచం మీద ఆరేళ్ల పాప. పేరు ఎమిలీ వైట్‌హెడ్. ఇంకో వారం గడిస్తే ఏడేళ్లు నిండుతాయి. గడిస్తే! జ్వరం 105 డిగ్రీలు. బీపీ పడిపోతోంది. ఒళ్లంతా నీరుపట్టి మొహం గుర్తుపట్టలేనంతగా ఉబ్బిపోయింది. మంచం పక్కన అమ్మా నాన్నా. నాన్న కరెంటు లైన్‌మన్. గాలివానలో స్తంభాలెక్కి వైర్లు సరిచేసే మనిషి. ఇప్పుడు చెయ్యడానికి చేతిలో ఏ పనీ లేక నిలబడిపోయాడు. డాక్టర్లు దాచలేదు. ఈ రాత్రి గట్టెక్కడానికి పాపకి వెయ్యిలో ఒక్క ఛాన్సుందన్నారు.

పాపని ఇక్కడికి తెచ్చి పడుకోబెట్టింది కేన్సర్ కాదు. కేన్సర్‌ని చంపడానికి ఎక్కించిన మందు. ఆ మందు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైంది కాదు. పాప ఒంట్లోంచి తీసిన పాప రక్తమే!

రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 2010 మే. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలిప్స్‌బర్గ్ అనే చిన్న ఊరు. ఐదేళ్ల ఎమిలీ ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు. ముక్కులోంచి రక్తం. రాత్రిళ్లు కాళ్ల నొప్పులతో లేచి ఏడుపు. రక్తపరీక్ష చేయిస్తే తేలింది, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ కేన్సర్. డాక్టర్లు ధైర్యమే చెప్పారు. కీమోథెరపీతో ఈ జబ్బొచ్చిన పిల్లల్లో 85 నుంచి 90 శాతం మంది బతికి బట్టకడతారు. ఎమిలీ కూడా వాళ్లలో ఒకతి అవుతుందనే అందరూ అనుకున్నారు.

అవలేదు. మొదటి కీమోకే కాళ్లలో ఇన్ఫెక్షన్ చేరి, కండ తినేసుకుంటూ పోయింది. రెండు కాళ్లూ తీసెయ్యాలేమో అన్నంత వరకూ వెళ్లి, అతికష్టం మీద దక్కాయి. తేరుకుంది. ఆడుకుంది. 2011 అక్టోబర్లో జబ్బు తిరగబెట్టింది. సరే, ఎముక మజ్జ మార్పిడి చేద్దామన్నారు. దానికి ముందు రక్తంలో కేన్సర్ కనపడకుండా పోవాలి. కీమో మీద కీమో ఎక్కించారు. 2012 ఫిబ్రవరిలో మార్పిడికి ఇంక అంతా సిద్ధమనుకునే సమయానికి మూడోసారి తలెత్తింది. మార్పిడి దారి మూసుకుపోయింది. మామూలు వైద్యంలో అక్కణ్నించి ముందుకి ఇంకో దారి లేదు.

మామూలుది కానిది ఒకటుంది. అప్పటివరకూ దాన్ని ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ ఇచ్చి చూడలేదు.

ఫిలడెల్ఫియాలోనే పెన్సిల్వేనియా యూనివర్సిటీ. అక్కడ కార్ల్ జూన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఒకే ఆలోచనతో కుస్తీ పడుతున్నాడు. మన రక్తంలో టీ-కణాలుంటాయి. వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపడం వాటి పని. కేన్సర్ కణాన్ని మాత్రం అవి చాలాసార్లు సొంత మనిషే అనుకుని వదిలేస్తాయి. ఆ టీ-కణాల్ని రోగి ఒంట్లోంచి బయటికి తీసి, ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవీ వైరస్‌కే కోరలు పీకేసి దాని వీపు మీద ఒక కొత్త జన్యువుని ఎక్కించి, ఆ వైరస్‌ని కణాల్లోకి తోలి, లుకేమియా కణాల ఒంటి మీద ఉండే సీడీ-19 అనే గుర్తు ఎక్కడ కనపడితే అక్కడ పడి చంపమని వాటికి నేర్పించి, లక్షలూ కోట్లుగా పెంచి, మళ్లీ అదే మనిషి నరంలోకి ఎక్కించాలి! దీన్నే కార్-టీ అంటారు. 2010లో ముగ్గురు పెద్దవాళ్లకి ఇచ్చారు. ఇద్దరి ఒంట్లో కేన్సర్ పూర్తిగా మాయమైంది. తర్వాత నాలుగోవాళ్లకి ఇవ్వడానికి డబ్బుల్లేవు.

పిల్లలమీద ప్రయోగానికి అనుమతి వచ్చేసరికి 2012 వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో దాన్ని నడిపేది డాక్టర్ స్టీఫన్ గ్రప్. మొదటి పేరు ఎమిలీది. ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎంత డోసు ఇవ్వాలో రాసిపెట్టిన పుస్తకం లేదు. అమ్మా నాన్నా సంతకం పెట్టారు.

ఏప్రిల్ 17. ఇంట్లో చిన్నపిల్లకి జ్వరమొస్తే వేసే సెలైన్ సీసా కన్నా చిన్న సంచి. సంచిలోని కణాలు నరంలోకి దిగాయి. మొదటి రోజు పది శాతం. రెండో రోజు ముప్ఫై. మూడో రోజు మిగిలిన అరవై. ఏ రోజుకా రోజు పాప తట్టుకుంటుందా లేదా చూసుకుంటూ ఎక్కించారు.

మూడో సంచి కూడా దిగింది. తర్వాత జ్వరం ఎక్కడం మొదలుపెట్టింది.

ఎక్కింది. ఇంకా ఎక్కింది. ఊపిరి బరువైంది. వార్డులోంచి ఐసీయూకి పరుగు. గొంతులోకి ట్యూబు. పాపకి స్పృహ లేదు. ఐదో రోజు స్టెరాయిడ్లు ఇచ్చారు. జ్వరం కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది. ఎక్కడో సూక్ష్మక్రిమి దాక్కుందేమోనని వెతికారు. ఏదీ దొరకలేదు. ఒంట్లో ఏదో మండుతోంది. ఏం మండుతోందో తెలియడం లేదు.

కార్ల్ జూన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. యూనివర్సిటీ పెద్దకి ఈమెయిల్ రాశాడు. ఈ వైద్యం తీసుకున్న మొదటి పాప చనిపోబోతోందని అందులో సారాంశం. పాప పోతే ప్రయోగం అక్కడితో ఆగిపోతుందని ఆయనకి తెలుసు. ఇరవై ఏళ్ల చెమట ఒక ఎత్తు, మంచం మీద ఆ పిల్ల ఒక ఎత్తు. రాయడం పూర్తయింది. పంపడమే మిగిలింది.

పంపలేదు.

ఏడో రోజు. గ్రప్ ఆఖరిసారి రక్తం తీయించి ల్యాబుకి పంపాడు. ఈసారి వెతుకుతున్నది క్రిమిని కాదు. సైటోకైన్లని. టీ-కణాలు శత్రువుని పట్టుకోగానే తోటి కణాల్ని పిలవడానికి రక్తంలోకి వదిలే రసాయనాలివి. ఊళ్లో దొంగ దొరికితే ఒకడి కేకకి వీధి వీధంతా లేచొచ్చినట్టు, ఒక్కో కేకకి వందల కణాలు లేస్తాయి. లేచినవన్నీ మళ్లీ కేకలేస్తాయి. మామూలుగా వారాలు పట్టే రిపోర్టు. ల్యాబువాళ్లు అన్ని పనులూ పక్కన పడేసి దీనిమీద కూర్చున్నారు. రెండు గంటల్లో అంకెలొచ్చాయి.

ఒక అంకె దగ్గర అందరి కళ్లూ ఆగిపోయాయి. ఇంటర్‌ల్యూకిన్-6. ఉండాల్సిన దానికి వెయ్యి రెట్లు!

ఇప్పుడు రహస్యం విడింది. మందు ఓడిపోలేదు. గెలుస్తోంది. పాప సొంత కణాలు కేన్సర్ మీద విరుచుకుపడుతున్నాయి. ఆ యుద్ధం రేపిన మంటే పాపని కాల్చేస్తోంది. కానీ ఇంటర్‌ల్యూకిన్-6 అనేది కేన్సర్ డాక్టర్ల పుస్తకాల్లో పెద్దగా కనపడే పేరు కాదు. దాన్ని ఆపే మందేమిటో ఐసీయూలో ఎవరికి తెలుసు?

కార్ల్ జూన్‌కి తెలుసు. శాస్త్రవేత్తగా కాదు, తండ్రిగా.

ఆయన కూతురికి చిన్నప్పటి నుంచీ కీళ్లవాతం. ఆ జబ్బులో కొత్త మందు ఏదొచ్చినా ఆయన కళ్లు వెతుక్కుంటాయి. టోసిలిజుమాబ్ అని ఒక మందుంది. జపాన్‌లో ఒసాకా శాస్త్రవేత్త తదమిత్సు కిషిమోతో పరిశోధనల్లోంచి పుట్టింది. ఇంటర్‌ల్యూకిన్-6 వచ్చి తట్టే తలుపుకే గొళ్లెం పెట్టేస్తుంది. పిల్లల్లో వచ్చే ఒక రకం కీళ్లవాతానికి వాడుకోవచ్చని అమెరికా ప్రభుత్వం ఏడాది కిందటే, 2011 ఏప్రిల్లో అనుమతిచ్చింది. కూతురి కోసం గుర్తుపెట్టుకున్న పేరు ఇప్పుడు ఇంకొకరి పాప కోసం నోట్లోకొచ్చింది. అయితే ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి దాన్ని ప్రపంచంలో ఎవరూ ఇచ్చి చూడలేదు. పైగా ఇంత రాత్రివేళ ఆ మందు దొరకాలి కదా?

దొరికింది. వేరే ఊరి నుంచి తెప్పించాల్సిన పని లేదు. అదే ఆసుపత్రి ఫార్మసీలో, కీళ్లవాతం పిల్లల కోసం తెచ్చిపెట్టిన అరలో ఉంది.

గ్రప్ ఐసీయూకి పరిగెత్తాడు. బ్లడ్ కేన్సర్ పాపకి కీళ్లనొప్పుల మందు! వింటే పిచ్చి మాటలా ఉంటుంది. వాదించుకునే టైము లేదు. ఎటానర్‌సెప్ట్ అనే ఇంకో కీళ్లవాతం మందు కూడా జతచేశారు. టోసిలిజుమాబ్ చుక్కచుక్కగా ట్యూబులోకి దిగడం మొదలైంది. అమ్మ, నాన్న, నర్సులు, డాక్టర్లు, అందరి కళ్లూ మానిటర్ మీదే.

గంటలు. రోజులు కాదు, గంటలు. జ్వరం అంకె కదిలింది. కిందికి కదిలింది. బీపీ నిలబడింది. ఊపిరితిత్తులు తేటపడ్డాయి. అంత వేగంగా తేరుకున్న రోగిని తాము చూడలేదని ఐసీయూ వాళ్లే ఆశ్చర్యపోయారు. వెంటిలేటర్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. మే 2న ఎమిలీ కళ్లు తెరిచింది. ఆ రోజు ఆమె పుట్టినరోజు. ఏడేళ్లు నిండాయి. నర్సులూ డాక్టర్లూ మంచం చుట్టూ చేరి హ్యాపీ బర్త్‌డే పాడారు.

ప్రాణం దక్కింది. మరి కేన్సర్? దానికి జవాబు ఎముక మజ్జలో ఉంది. సూది గుచ్చి తీశారు. మే 10న గ్రప్ ఫోన్ చేశాడు. మొదటి సంచి తగిలించి అప్పటికి 23 రోజులు. మజ్జలో ఒక్క లుకేమియా కణం కూడా కనపడలేదు.

అంతా సుఖాంతం కాదు. ఎమిలీ తర్వాత అదే వైద్యం తీసుకున్న రెండో పాపకి కూడా మొదట కేన్సర్ మాయమైంది. రెండు నెలలకే తిరగబెట్టింది. ఈసారి వచ్చిన కణాల ఒంటి మీద సీడీ-19 గుర్తే లేదు. గుర్తు చెరిపేసుకుని వచ్చిన శత్రువుని టీ-కణాలు పోల్చుకోలేకపోయాయి. ఇద్దరు పిల్లల కథా 2013లో ఒకే వైద్య పత్రికా వ్యాసంలో పక్కపక్కన అచ్చయింది. గెలుపూ ఓటమీ రెండూ దాచకుండా రాశారు.

2017 జూలైలో అమెరికా నిపుణుల కమిటీ ఈ వైద్యానికి ఓటేసింది. పదికి పది. ఆగస్టు 30న అనుమతి వచ్చింది. కార్-టీ తెచ్చే ఈ సైటోకైన్ల తుఫానుకి మందుగా టోసిలిజుమాబ్‌కీ అదే రోజు అనుమతిచ్చారు. కణాలు ఎక్కించే ముందే ప్రతి రోగికీ కనీసం రెండు డోసులు ఆసుపత్రిలో సిద్ధంగా ఉండాలని షరతు కూడా పెట్టారు. ఆ రాత్రి ఒక తండ్రికి గుర్తొచ్చిన పేరు ఐదేళ్లకి రూలైంది.

మనవాళ్లకి కూడా ఈ పేరు కొత్తేం కాదు. 2021లో కరోనా రెండో వేవ్ ఊపేస్తున్నప్పుడు టోసిలిజుమాబ్ అని రాసిన చీటీ పట్టుకుని ఎంతమంది మందుల షాపుల చుట్టూ తిరిగారో లెక్కలేదు. సైటోకైన్ తుఫాను అన్న మాట అప్పుడే ఇంటింటికీ చేరింది. ఆ కరోనా ఐసీయూల్లో డాక్టర్లు ఆపడానికి తంటాలు పడిందీ ఇంటర్‌ల్యూకిన్-6నే.

అమెరికాలో ఈ వైద్యం ధర మొదట్లో 4,75,000 డాలర్లు. అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయలు. సామాన్యుడికి అందేదేనా? ముంబైలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి ఆ ప్రశ్నకి జవాబు వెతికాయి. నెక్స్‌కార్19 పేరుతో దేశంలోనే కార్-టీ తయారుచేశాయి. 2023 అక్టోబర్లో కేంద్రం అనుమతిచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము జాతికి అంకితం చేశారు. ఖర్చు అమెరికా ధరలో పదో వంతు అన్నారు. మధ్యతరగతి ఇంటికి అదీ కొండే. ప్రయోగాల్లో దాదాపు 73 శాతం మందికి పనిచేసింది. 2023లో వచ్చిన ఆ అనుమతి మాత్రం పదిహేనేళ్లు నిండినవాళ్లకే. ఎమిలీ వయసు పిల్లలకి కాదు.

2022తో ఎమిలీకి కేన్సర్ లేని పదేళ్లు నిండాయి.

ఈ కథ చదివి కీమో మానేసి కార్-టీ కోసం పరుగులు పెట్టొద్దు. పిల్లల బ్లడ్ కేన్సర్‌లో పదిమందికి ఎనిమిది, తొమ్మిది మందిని నిలబెడుతున్నది ఈనాటికీ ఆ కీమోనే, దాన్ని మధ్యలో ఆపకుండా పూర్తి చేయించినప్పుడే. పిల్లల ఒంటి మీద దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు వస్తున్నా, తగ్గని జ్వరమున్నా, ముక్కులోంచి మాటిమాటికీ రక్తం కారుతున్నా దిష్టి అనుకుని ఊరుకోకండి. ముందు ఒక రక్తపరీక్ష చేయించండి. ఎమిలీ విషయంలో కూడా అన్నిటికన్నా ముందు జరిగింది అదే.